ఊపిరితిత్తుల క్యాన్సర్: రోగిని ముద్దాయిని చేసే వాదం

సినిమా మొదలయ్యే ముందు తెరమీద వచ్చే పొగాకు వ్యతిరేక ప్రకటనలు తెలుగువాళ్లకు కంఠతా వచ్చు. ‘ఈ నగరానికి ఏమైంది’ అని మొదలయ్యే ఆ గొంతును చిన్నపిల్లలు కూడా అనుకరిస్తారు. ఆ ప్రకటనల వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. అయితే వాటితో పాటు మరో అభిప్రాయం కూడా మన మనసుల్లో పాతుకుపోయింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ పొగతాగేవాళ్ల జబ్బు అని, తాగినవాడు చేతులారా తెచ్చుకుంటాడని, తాగనివాళ్లు దాని గురించి ఆలోచించనక్కర్లేదని. పరామర్శకు వచ్చిన బంధువు అడిగే మొదటి ప్రశ్న ‘సిగరెట్లు కాల్చేవాడా?’ అనే. అవునంటే జాలి సగానికి పడిపోతుంది. ‘జన్మలో ముట్టలేదు’ అంటే ‘మరి ఎలా వచ్చింది?’ అని ఆశ్చర్యం, ఆ వెనకే అనుమానం. చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ సమానంగా నమ్మే అభిప్రాయం ఇది. ఇందులో మొదటి సగం అరకొర సత్యం, చివరి సగం అసత్యం. ఈ రెండూ కలిసి జబ్బుకున్న మిగతా కారణాలను మన కంట పడకుండా చేస్తున్నాయి, రోగనిర్ధారణను ఆలస్యం చేస్తున్నాయి, చావుబతుకుల్లో ఉన్న మనిషిని బోనులో నిలబెడుతున్నాయి. నా అభ్యంతరం పొగాకు మీద మోపిన నేరం గురించి కాదు, అది పూర్తిగా రుజువైన నేరం. ఆ ఒక్క నేరాన్ని చూపించి మిగతా ముద్దాయిలందరినీ వదిలేయడం మీదే నా అభ్యంతరం.

ఈ అభిప్రాయం ఎక్కడ పుట్టిందో ముందు చూడాలి. 1950 సెప్టెంబరులో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు లండన్ ఆసుపత్రుల్లోని రోగులను విచారించి తేల్చిన ఫలితాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ సోకిన 649 మంది పురుషుల్లో పొగతాగని వాళ్లు కేవలం ఇద్దరు. వైద్య చరిత్రలో ఇంత స్పష్టంగా మాట్లాడిన అంకెలు అరుదు. ప్రపంచం ఆ అంకెను విన్నది, వినాల్సిందే. కానీ అదే వ్యాసంలో స్త్రీల లెక్క కూడా ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా గుర్తుపెట్టుకోలేదు. క్యాన్సర్ సోకిన 60 మంది స్త్రీలలో 19 మంది పొగతాగనివాళ్లు, అంటే దాదాపు మూడోవంతు. పోలిక కోసం తీసుకున్న ఇతర రోగులలో పొగతాగని స్త్రీలు సగానికి పైగా ఉన్నారు కాబట్టి, ఆడవాళ్లలోనూ పొగాకు ప్రమాదమేనని ఆ అంకెలే చెబుతున్నాయి. అయితే మరో విషయం కూడా చెబుతున్నాయి. పొగాకు తన పని తాను చేస్తూనే ఉన్నా, దానితో సంబంధం లేకుండా ఈ జబ్బు వస్తున్న స్త్రీలు ఆనాటికే చాలామంది ఉన్నారు. పొగాకు కథకు పునాది వేసిన వ్యాసంలోనే ఈ రెండో కథ కూడా ఉంది. మనం పురుషుల పట్టిక దగ్గరే చదవడం ఆపేశాం.

ఇంకా వెనక్కి వెళితే సంగతి మరింత స్పష్టమవుతుంది. జర్మనీలోని సాక్సనీ కొండల్లో ష్నీబెర్గ్ అనే గనుల ఊరు ఉంది. అక్కడి గని కార్మికులు ఒక వింత ఊపిరి జబ్బుతో నడివయసులోనే చనిపోవడం శతాబ్దాలుగా జనానికి తెలుసు. 1879లో హార్టింగ్, హెస్సే అనే వైద్యులు శవపరీక్షలు జరిపి అది ఊపిరితిత్తుల్లో పెరిగే ప్రాణాంతక కణితి అని తేల్చారు. ఆ గనుల గాలిలో ఉన్న రేడాన్ అనే రేడియోధార్మిక వాయువే ముఖ్య కారణమని తర్వాత తెలిసింది. సిగరెట్లు చుట్టే యంత్రానికి అమెరికాలో బోన్సాక్ పేటెంటు తీసుకున్నది 1881లో. అంటే సిగరెట్ యుగం సరిగా మొదలుకాకముందే ఈ జబ్బు కూలివాళ్ల ఊపిరితిత్తుల్లో కాపురం ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మొదట పట్టుబడిన కారణం అలవాటు కాదు, బతుకుదెరువు.

ఇప్పుడు అంకెలను నిజాయితీగా ముందు పెట్టుకుందాం. 2022లో ప్రపంచమంతటా దాదాపు 24.8 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా బయటపడింది, దాదాపు 18 లక్షల మంది చనిపోయారు. ఇంకే క్యాన్సరూ ఇంతమందిని చంపడం లేదు. పొగతాగేవాడికి ఈ జబ్బు వచ్చే ముప్పు తాగనివాడి కన్నా 15 నుంచి 30 రెట్లు ఎక్కువ. రోగుల్లో అత్యధికులు పొగతాగినవాళ్లే. ఇందులో వాదనకు తావే లేదు. అయినా ప్రపంచవ్యాప్తంగా రోగుల్లో పదిహేను నుంచి పాతిక శాతం దాకా ఎన్నడూ పొగతాగనివాళ్లని అంచనాలు చెబుతున్నాయి. ఆసియా స్త్రీలలో ఈ వాటా సగాన్ని దాటుతుంది. పొగతాగనివాళ్ల జబ్బును విడిగా లెక్కిస్తే, అదొక్కటే ప్రపంచంలో అత్యధిక మరణాలకు కారణమయ్యే పది క్యాన్సర్లలో చోటు సంపాదించుకుంటుంది. మన దేశం సంగతి చూడండి. 2016–17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం మగవాళ్లలో పొగతాగేవాళ్లు 19 శాతం, ఆడవాళ్లలో 2 శాతం. వందలో తొంభై ఎనిమిది మంది స్త్రీలు పొగతాగని దేశంలో ‘ఇది పొగతాగేవాళ్ల జబ్బు’ అని చెప్పుకుంటూ పోతే, స్త్రీ అనే రోగి మన ఊహలోకే రాదు. అలాగని ఇక్కడి ఆడవాళ్లకు పొగాకుతో సంబంధమే లేదనుకోవడమూ తప్పే. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు తరాలుగా స్త్రీలలో ఉంది. అది అంగిట్లో తెచ్చే క్యాన్సర్ మీద మన వైద్యులు ఎప్పుడో పరిశోధించారు. ఆడవాళ్ల పొగ మన కంటికి ఆనదు, ఆడవాళ్ల ఊపిరితిత్తులూ ఆనవు.

ఇక్కడ ఒక పొరపాటు అర్థానికి దారి తీయకుండా జాగ్రత్త పడాలి. రోగుల్లో పొగతాగనివాళ్ల వాటా పెరుగుతోందని ఈమధ్య పత్రికలు భయపెడుతున్నాయి. వాటా పెరగడం, ముప్పు పెరగడం ఒకటి కాదు. ఒక సమాజంలో పొగతాగేవాళ్లు తగ్గితే, పొగాకు వల్ల వచ్చే కేసులు తగ్గి, మిగిలిన వాళ్లలో తాగనివాళ్ల వాటా దానంతటదే పెరిగినట్టు కనిపిస్తుంది. ఎన్నడూ పొగతాగని ఒక మనిషికి ఈ జబ్బు వచ్చే అవకాశం ఇప్పటికీ తక్కువే. కాబట్టి నేను ఎవరినీ హడలగొట్టడానికి రాయడం లేదు. ఒక్కొక్కరికి ముప్పు తక్కువైనా, ఆ తక్కువ ముప్పును కోట్ల మంది మోస్తున్నప్పుడు వచ్చే మొత్తం చాలా పెద్దది. ఆ మొత్తాన్ని లెక్కలోకి తీసుకోని ఆరోగ్య విధానం సగం మనుషులకు మాత్రమే విధానం.

ఊపిరితిత్తి లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ‘ఒకే జబ్బు, ఒకే కారణం’ అనే మాట ఎందుకు నిలబడదో అర్థమవుతుంది. మనం ఊపిరితిత్తుల క్యాన్సర్ అని ఒక్క పేరుతో పిలిచేది నిజానికి పుట్టుకలోనూ నడకలోనూ వేరైన కొన్ని జబ్బుల గుంపు. పెద్ద శ్వాసనాళాల లోపలి పొరలో నూగులాంటి రోమాలున్న కణాలు ఉంటాయి. దుమ్మునూ కళ్లెనూ పైకి నెట్టడం వాటి పని. ఏళ్ల తరబడి పొగ తగిలితే ఆ కణాలు నశించి, వాటి చోట చర్మం మీద ఉండేలాంటి బల్లపరుపు కణాలు పుడతాయి. ఆ మార్పు ముదిరి క్యాన్సర్‌గా మారితే అది స్క్వామస్ రకం. ఇది ఎక్కువగా ఊపిరితిత్తి నడిమధ్యన, పెద్ద నాళాల దగ్గర పుడుతుంది కాబట్టి దగ్గు, కళ్లెలో రక్తం కొంత ముందుగా కనబడతాయి. చిన్నకణ క్యాన్సర్ మరో రకం. మొత్తం కేసుల్లో దాదాపు 15 శాతం ఇదే. హార్మోనుల వంటి పదార్థాలను స్రవించే కణాల లక్షణాలు ఇందులో ఉంటాయి. మహా వేగంగా పెరిగి, కనుక్కునే నాటికే మెదడుకో కాలేయానికో పాకి ఉంటుంది. పొగతాగనివాళ్లలో ఇది అరుదు. ఈ రెండు రకాల విషయంలో జనాభిప్రాయం చాలావరకు నిజం. డాల్, హిల్‌ల కాలపు లండన్ పురుషుల్లో ఎక్కువగా కనిపించినవీ ఇవే కాబట్టి అప్పట్లో ఆ అభిప్రాయం ఏర్పడటంలో వింతేమీ లేదు.

కానీ ఈనాడు ప్రపంచంలో అత్యధికంగా కనిపించేది మూడో రకమైన అడినోకార్సినోమా. ఊపిరితిత్తి అంచుల్లో, గాలి గదుల దగ్గర, స్రావాలను తయారుచేసే కణాల నుంచి ఇది పుడుతుంది. ఊపిరితిత్తి లోపలి భాగానికి నొప్పి తెలియదు. కణితి పైపొరను తాకేదాకానో, నీరు చేరి ఆయాసం వచ్చేదాకానో మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. పొగతాగేవాళ్లకూ ఈ రకం వస్తుంది. పొగతాగనివాళ్లకు వచ్చినప్పుడు మాత్రం చాలావరకు ఇదే వస్తుంది. ఫిల్టర్ సిగరెట్ భద్రమని నమ్మేవాళ్లు కూడా ఒక సంగతి గమనించాలి. ఫిల్టర్లతో, గాలి రంధ్రాలతో సిగరెట్ రూపం మార్చాక జనం పొగను మరింత లోతుగా పీల్చారని భావిస్తారు. సిగరెట్ తయారీలో వచ్చిన మార్పులే పొగతాగేవాళ్లలో అడినోకార్సినోమా ముప్పును పెంచాయని 2014లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది. భద్రత పేరుతో అమ్మిన సరుకు జబ్బును నాళాల నుంచి అంచులకు జరిపింది, అంతే.

సూక్ష్మదర్శిని కింద ఒకేలా కనబడే ఇద్దరి అడినోకార్సినోమాలు జన్యువుల స్థాయిలో వేరువేరు జబ్బులు కావచ్చు. పొగాకు పొగలోని బెంజోపైరీన్ శరీరంలో మార్పు చెంది డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. పీ53 అనే కాపలా జన్యువులో అది అతుక్కునే చోట్లు, పొగతాగేవాళ్ల కణితుల్లో ఆ జన్యువు దెబ్బతిన్న చోట్లు ఒకటేనని 1996లో ప్రయోగశాలలో చూపించారు. పొగాకు మీద నేరం ఇలా అణువు స్థాయిలో వేలిముద్రలతో సహా రుజువైంది. రోజుకో ప్యాకెట్టు చొప్పున ఏడాది కాల్చినవాడి ఊపిరితిత్తి కణం ఒక్కొక్కదానిలో సగటున 150 దాకా కొత్త మ్యుటేషన్లు పోగవుతాయని 2016 నాటి లెక్క. పొగతాగనివాళ్ల కణితుల్లో ఈ వేలిముద్ర సాధారణంగా ఉండదు. మ్యుటేషన్ల సంఖ్య చాలా తక్కువ. వాటికి బదులు ఒకే ఒక్క జన్యువు గాడి తప్పి కణాన్ని అదేపనిగా విభజనకు ఉసిగొల్పుతుంది. వాటిలో ముఖ్యమైన ఈజీఎఫ్ఆర్ మార్పులను 2004లో, ఆల్క్ అనే మరో మార్పును 2007లో కనుగొన్నారు. ఈజీఎఫ్ఆర్ మార్పులు ఐరోపా సంతతి రోగుల కన్నా ఆసియా రోగుల్లో చాలా ఎక్కువ. పొగతాగినందువల్ల రావలసిన జబ్బు పొగతాగకపోయినా ‘పొరపాటున’ వచ్చిందనుకునేవాళ్లకు ఈ జీవశాస్త్రమే జవాబు. అది పొరపాటున వచ్చింది కాదు, తనకంటూ సొంత దారి ఉన్న జబ్బు.

ఆ దారి ఎలా తెరుచుకుంటుందన్న ప్రశ్నకు 2023లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ముఖ్యమైన సమాధానం ఇచ్చింది. లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థ శాస్త్రవేత్తలు, వారి సహచరులు క్యాన్సర్ లేని మనుషుల ఊపిరితిత్తుల కణజాలాన్ని పరీక్షిస్తే, ఈజీఎఫ్ఆర్ వంటి ప్రమాదకర మార్పులున్న కణాలు ఆరోగ్యవంతుల్లోనూ అక్కడక్కడా కనిపించాయి. వయసుతో పాటు అవి పోగవుతాయి. వాటిలో అత్యధిక భాగం జీవితాంతం నిద్రలోనే ఉంటాయి. గాలిలోని అతిసూక్ష్మ ధూళి, అంటే పీఎం 2.5, ఊపిరితిత్తిలోకి చేరితే రక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్–1 బీటా అనే వాపు పదార్థాన్ని విడుదల చేస్తాయి. ఎండిన నేలలో పడి ఉన్న గింజకు వాన ఎలాంటిదో ఆ నిద్రాణ కణాలకు ఈ వాపు అలాంటిది. అంటే ధూళి కొత్తగా జన్యువును కొట్టనక్కర్లేదు, దెబ్బతిని ఉన్న కణాన్ని లేపితే చాలు. క్యాన్సర్ రెండు దశల్లో పుడుతుందని 1947లోనే బెరెన్‌బ్లమ్ చెప్పిన సిద్ధాంతానికి ఇది కొత్త బలం. మన దేశంలో పీఎం 2.5కి ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 5. పరిమితే ఎనిమిది రెట్లు ఎక్కువ. దాన్ని కూడా దాటిపోయే నగరాలు మనకు కొదవ లేదు. గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో చేర్చింది. డీజిల్ పొగను అంతకు ముందే, 2012లో చేర్చింది. ఆ పట్టికలో పొగాకుకూ వీటికీ ఒకే వరస. ముప్పు పరిమాణంలో పొగాకు చాలా పెద్దదే, కానీ క్యాన్సర్ తెస్తాయన్న రుజువులో ఇవి దానికేమీ తీసిపోవు. పొగాకును వదిలేయడం మనిషి చేతిలో కొంతైనా ఉంది. గాలిని వదిలేయడం ఎవరి చేతిలో ఉంది?

వంటింటి పొగ సంగతి మరీ నిర్లక్ష్యానికి గురైంది. చైనాలోని యునాన్ రాష్ట్రంలో షువాన్‌వే అనే ప్రాంతం ఉంది. అక్కడి ఆడవాళ్లలో పొగతాగేవాళ్లు దాదాపు లేరు. అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల్లో ఆ స్త్రీలు ఆ దేశంలోనే ముందుండేవాళ్లు. పొగగొట్టం లేని ఇళ్లలో, నేల మీది గుంటల్లో పొగబొగ్గు కాల్చి వండటమే దానికి కారణమని తేలింది. పొగగొట్టం పెట్టుకున్న ఇళ్లను దీర్ఘకాలం గమనిస్తే జబ్బు మగవాళ్లలోనూ ఆడవాళ్లలోనూ నలభై శాతం, ఆపైన తగ్గినట్టు 2002లో ప్రచురించారు. ఒక రేకు గొట్టం చేసిన పని అది. మన పల్లెల్లో కాల్చేది ఎక్కువగా కట్టెలూ పిడకలూ. వీటి పొగ మీద సాక్ష్యం బొగ్గు పొగ మీద ఉన్నంత బలంగా లేదు. అంతర్జాతీయ సంస్థ దాన్ని రెండో వర్గంలో, బహుశా క్యాన్సర్ తెచ్చేదిగా ఉంచింది. నేను అంతకు మించి చెప్పను. కానీ ఊదుగొట్టం పట్టుకుని రోజుకు మూడు పూటలా పొయ్యి దగ్గర కూర్చున్న స్త్రీకి రెండో వర్గమా మొదటి వర్గమా అన్న తేడా ఓదార్పు కాబోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వంటగ్యాస్ ఇచ్చే దీపం పథకం వచ్చింది 1999లో, దేశమంతటికీ ఉజ్వల వచ్చింది 2016లో. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో శుభ్రమైన వంట ఇంధనం వాడే ఇళ్లు దాదాపు 59 శాతమే. తెలుగు రాష్ట్రాలు సగటు కన్నా మెరుగు. అయినా ఈ జబ్బుకు కారణానికీ ఫలితానికీ మధ్య ఇరవై ముప్పై ఏళ్ల ఎడం ఉంటుంది. ఈనాడు అరవై దాటిన తల్లుల ఊపిరితిత్తుల్లో గ్యాస్ పొయ్యికి ముందటి యౌవనమంతా ఉంది. పక్కవాడి పొగ సంగతీ అంతే. 1981లో జపాన్‌కు చెందిన హిరయామా 91,540 మంది పొగతాగని ఇల్లాళ్లను పద్నాలుగేళ్లు గమనించి, భర్త ఎంత ఎక్కువ కాలిస్తే భార్యకు ముప్పు అంత పెరుగుతోందని చూపించాడు. పొగతాగింది భర్త, జబ్బు పడింది భార్య. ‘చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత’ అనే తీర్పు ఆమె విషయంలో ఎవరికి వర్తిస్తుంది?

పనిచోట్ల వచ్చే జబ్బు మరింత స్పష్టంగా ఈ వాదాన్ని ఓడిస్తుంది. ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఆస్‌బెస్టాస్ తవ్వారు. గనులు మూతపడ్డా దిగుమతి చేసుకున్న ఆస్‌బెస్టాస్‌తో సిమెంటు రేకులు తయారవుతూనే ఉన్నాయి. వాటిని కోసేవాళ్లు, పాత ఇళ్లు కూల్చేవాళ్లు ఆ సన్నని పోగులను పీలుస్తూనే ఉన్నారు. రాళ్ల క్వారీల్లో, గ్రానైట్ కోత యంత్రాల దగ్గర, క్రషర్ల దగ్గర లేచే సిలికా దుమ్మును 1997లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు. అమెరికా, కెనడాల్లో ఆస్‌బెస్టాస్ పని చేసినవాళ్ల మీద సెలికాఫ్ బృందం 1979లో వెల్లడించిన లెక్క ఈ చర్చకంతటికీ కీలకం. పొగా లేని, ఆస్‌బెస్టాసూ లేని మనిషితో పోలిస్తే, ఆస్‌బెస్టాస్ ఒక్కటే ఉన్నవాడికి ముప్పు సుమారు 5 రెట్లు. పొగ ఒక్కటే ఉన్నవాడికి సుమారు 11 రెట్లు. రెండూ ఉన్నవాడికి 53 రెట్లు. కారణాలు ఒకదాని పక్కన ఒకటి కూర్చోవడం లేదు, ఒకదానితో ఒకటి హెచ్చించుకుంటున్నాయి. బీడీ కాల్చే క్వారీ కూలీకి ఈ జబ్బు వస్తే ‘బీడీ వల్ల వచ్చింది’ అని యజమాని చెప్పే మాటలో అంకగణితమే తప్పు. ఆ యాభై మూడింతల ముప్పులో అత్యధిక భాగం రెండూ కలవడం వల్ల పుట్టింది. రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ భాగం పుట్టేది కాదు. పొగతాగేవాడికి దుమ్ము నుంచి రక్షణ ఇంకా ఎక్కువ కావాలి. మన వాడుక అభిప్రాయం మాత్రం, పొగతాగేవాడు కాబట్టి రక్షణకు అర్హుడే కాడంటుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బరువైనది. ఇన్ని కారణాలు చెబితే పొగాకు మీద పోరాటం పలచబడదా? ‘ఎలాగూ గాలి వల్ల వస్తుందట’ అని పొగతాగేవాడు మరో సిగరెట్ ముట్టించడా? ఈ భయానికి చరిత్రలో ఆధారం ఉంది. 1954 జనవరి 4న అమెరికా పొగాకు కంపెనీలు నాలుగు వందలకు పైగా వార్తాపత్రికల్లో ఒక ప్రకటన వేయించాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అనేక కారణాలు ఉండవచ్చని, పొగాకే కారణమన్న రుజువు లేదని అందులో చెప్పుకున్నాయి. గణాంక శాస్త్రానికి మూలపురుషుల్లో ఒకడైన రొనాల్డ్ ఫిషర్ అంతటివాడు వంశపారంపర్యాన్ని చూపించి పొగాకును వెనకేసుకొచ్చాడు. ఆయన పొగాకు కంపెనీలకు సలహాదారు కూడా. కనుక ‘అనేక కారణాలు’ అనే మాట వినగానే పొగాకు ఉద్యమకారులు ఉలిక్కిపడటంలో న్యాయం ఉంది. అయితే కంపెనీలు ఆ మాటను వాడిన తీరు వేరు. కారణాలు అనేకం కాబట్టి మాది కాదు అన్నాయి. కారణాలు అనేకమైతే, పైగా అవి హెచ్చించుకునేవైతే, వాటిలో ప్రతి ఒక్కదాన్నీ ఆపితీరాలన్నదే సరైన ముగింపు. కలుషితమైన గాలి పీల్చేవాడు సిగరెట్ మానడానికి కారణం తగ్గదు, పెరుగుతుంది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ‘రోగి చేతులారా తెచ్చుకున్నాడు’ అనే మాట ఉద్యమకారుల సొత్తు కాదు. సాక్ష్యాలు తోసుకొచ్చి ‘రుజువు లేదు’ అనే వాదం కూలిపోయాక, పొగాకు కంపెనీలు కోర్టుల్లో ఆశ్రయించింది ఆ మాటనే. న్యూజెర్సీకి చెందిన రోజ్ చిపొలోన్ పదహారేళ్ల వయసు నుంచి పొగతాగి 1984లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె వేసిన దావాలో 1988లో జ్యూరీ ఆమె తప్పు 80 శాతమని తేల్చింది. తెలిసి తాగింది కాబట్టి బాధ్యత ఆమెదేనన్న కంపెనీల వాదం ఆ మేరకు నెగ్గింది. మనం పరామర్శలకు వెళ్లి తెలియకుండానే వల్లిస్తున్నది ఆ కంపెనీల న్యాయవాదుల వాదాన్ని. రోగిని నిందించడం పొగాకు మీద పోరాటం కాదు, పొగాకును అమ్మేవాడి మీది నుంచి చూపు మళ్లించడం. నికొటిన్ వ్యసనకారకమని అమెరికా సర్జన్ జనరల్ 1988లో నిస్సందేహంగా ప్రకటించారు. పద్నాలుగు పదిహేనేళ్లకు మొదలైన వ్యసనాన్ని యాభై ఏళ్ల వయసులో ‘ఎంపిక’ అనడం వాస్తవానికి నిలవదు. ఒకవైపు గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు నడుపుతూ, పొగాకు పన్నులు వసూలు చేసుకుంటూ, మరోవైపు తాగినవాడిదే తప్పంతా అనే సమాజానికి ఆ తీర్పు చెప్పే అర్హత ఎక్కడిది? పొగాకు రైతును నేను తప్పుబట్టడం లేదు. అతనికి వేరే పంట చూపించే బాధ్యత నెరవేరలేదు.

నింద వల్ల అలవాటు మానతారన్న నమ్మకానికీ ఆధారం లేదు. మానడానికి పని చేసేది ఆశ. బ్రిటన్‌లో 34 వేల మందికి పైగా మగ వైద్యులను 1951 నుంచి యాభై ఏళ్లు గమనించిన అధ్యయనం ప్రకారం, జీవితాంతం తాగినవాళ్లు తాగనివాళ్ల కన్నా సగటున పదేళ్లు ముందు చనిపోయారు. అరవై ఏళ్లకు మానినవాళ్లు అందులో మూడేళ్లు, యాభైకి మానినవాళ్లు ఆరేళ్లు, నలభైకి మానినవాళ్లు తొమ్మిదేళ్లు వెనక్కి తెచ్చుకున్నారు. ముప్పైకి మానినవాళ్లు దాదాపు మొత్తం తెచ్చుకున్నారు. అరవై ఏళ్ల మనిషికి చెప్పాల్సింది ఈ మూడేళ్ల సంగతి. ‘ఇప్పుడు ఏడ్చి ఏం లాభం’ అనేది వైద్యమూ కాదు, నిజమూ కాదు.

రెండో అభ్యంతరం ఎదుటి వైపు నుంచి వస్తుంది. మా తాత తొంభై ఏళ్లదాకా చుట్ట కాల్చాడు, ఏమీ కాలేదు అంటారు. పొగతాగనివాళ్లకూ వస్తుందని నేను చెప్పేసరికి, పొగాకు అమాయకమని తేలిపోయినట్టు వీళ్లు సంబరపడవచ్చు. పొగతాగేవాళ్లలో ఎక్కువమందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రాదన్నది నిజమే. చాలామందిని అంతకు ముందే గుండెపోటో, పక్షవాతమో, ఊపిరాడని సీఓపీడీయో తీసుకుపోతుంది. ఆ తాత బతికి ఉండి కథగా మిగిలాడు. అతనితో పాటు చుట్ట కాల్చి అరవైకే పోయినవాళ్లను ఎవరూ కథగా చెప్పుకోరు. కారణం అంటే ప్రతి ఒక్కరిలో తప్పక ఫలితం చూపించేదని అర్థం చేసుకోవడం దగ్గరే ఈ వాదం దారి తప్పింది. తాగనివాడికి రాదు అనేవాళ్లూ, తాగిన తాతకు రాలేదు కదా అనేవాళ్లూ చేస్తున్న పొరపాటు ఒక్కటే. ఇద్దరూ ముప్పును విధిరాతగా చదువుతున్నారు.

ఇదంతా పేరు ప్రతిష్ఠల గొడవ అయితే ఇంత రాయనక్కర్లేదు. ఈ అభిప్రాయం ఎక్స్‌రే గదిలో ప్రాణాలు తీస్తోంది. మనది క్షయ ఎక్కువున్న దేశం. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించమని చెప్పడం సరైనదే. కానీ ఊపిరితిత్తిలో నీడ కనబడి, కళ్లెలో క్రిములు దొరకకపోయినా, పొగతాగని మనిషి కాబట్టి క్యాన్సర్ ఆలోచనే రాక, నెలల తరబడి క్షయ మందులు వాడించడం మన దగ్గర కొత్త కాదు. ఆ నెలల్లో కణితి పాకుతుంది. మన రోగుల్లో అత్యధికులు మూడు, నాలుగు దశల్లో బయటపడటానికి ఇదొక ముఖ్య కారణం. క్షయ వచ్చి నయమైన మచ్చలున్న ఊపిరితిత్తికి క్యాన్సర్ ముప్పు కొంత ఎక్కువన్నది ఈ చిక్కును మరింత బిగిస్తుంది. పొగతాగినవాడి దారీ సాఫీగా లేదు. తిడతారన్న భయంతో డాక్టరు దగ్గర అలవాటు దాస్తాడు, ‘పొగ దగ్గేలే’ అనుకుని ఏడాది గడిపేస్తాడు.

అందరికీ సీటీ స్కాన్ తీయించండి అనడం లేదు. తక్కువ మోతాదు సీటీతో ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో అమెరికా పరీక్ష చూపించింది బాగా పొగతాగినవాళ్లలోనే. కుటుంబంలో ఈ జబ్బు చరిత్ర ఉన్న తాగనివాళ్లకు తైవాన్ 2022లో జాతీయ స్థాయిలో పరీక్షలు మొదలుపెట్టింది. అయితే ఎన్నటికీ హాని చేయని కణుతులను కూడా కనిపెట్టి కోస్తున్నారన్న విమర్శ దాన్ని వెన్నాడుతోంది. క్షయ మచ్చలు నిండిన మన ఊపిరితిత్తుల్లో ఆ గందరగోళం ఇంకా ఎక్కువ. కాబట్టి లక్షణాలు లేనివాళ్లను వెతికి పట్టడం కన్నా ముందు, లక్షణాలతో ఆసుపత్రికి వచ్చినవాళ్లను సరిగా చూడటం మన పని. కేసు షీటులో ‘పొగతాగుతారా’ అన్న గడి పక్కన ఇంకొన్ని ప్రశ్నలు ఉండాలి. ఏ పొయ్యి మీద ఎన్నేళ్లు వండారు, ఇంట్లో ఎవరు కాల్చేవాళ్లు, ఏ పని చేశారు, ఆ పనిలో దుమ్ము ఏమిటి, క్షయ ఎప్పుడైనా వచ్చిందా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా. బయాప్సీలో అడినోకార్సినోమా అని తేలితే జన్యు పరీక్ష చేయకుండా కీమోకు పంపకూడదు. 2009లో ఆసియా రోగుల మీద జరిగిన ఐపాస్ అధ్యయనం ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవాళ్లలో జెఫిటినిబ్ మాత్ర కీమో కన్నా ఎక్కువ కాలం జబ్బును అదుపులో ఉంచుతుందని, ఆ మార్పు లేనివాళ్లలో అదే మాత్ర కీమో కన్నా నాసిరకమని ఏకకాలంలో చూపించింది. పరీక్ష చేయకుండా మందు ఎంచుకోవడం అంటే చాలామందికి తప్పు మందు ఇవ్వడమే. ఆ పరీక్షను ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద ప్రతి జిల్లాకూ అందేలా చేయడం ప్రభుత్వాల పని. ఆరు వారాలు మందులు వాడినా చెదరని నీడ, క్రిములు దొరకని కళ్లె, తగ్గిపోతున్న బరువు, ఈ మూడూ ఒక మనిషిలో కలిసినప్పుడు, ఆ మనిషి జీవితంలో ఒక్క సిగరెట్టయినా ముట్టించిందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా సీటీకీ బయాప్సీకీ పంపించి తీరాలి.